స్వెట్టర్ బిగుతుగా వచ్చింది, జుకిని పిందెలు రాలిపోతున్నాయి: రెండిట్లో ఏది మానేయాలి?

ఉత్తరం: అక్కా, మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాను, మారతహళ్ళిలో నాలుగో అంతస్తులో ఉంటాం. డిసెంబరు మూడో వారంలో అమ్మ వస్తోంది, సంక్రాంతికి ముందే వెళ్ళిపోతుంది. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన మనిషి, ఇంకొకరి కోసం అల్లడమే తప్ప తన కోసం ఒక్కటీ అల్లుకోలేదు. కిందటేడు వచ్చినప్పుడు పొద్దున్నే చలికి తువ్వాలు కప్పుకుని కూర్చుంది. అందుకే ఈసారి నేనే తల మీంచి తొడుక్కునే స్వెట్టర్ ఒకటి అల్లి ఇద్దామని ఒక అమెరికా ఆవిడ వీడియో చూసి మొదలుపెట్టాను. ఆవిడ 8 నంబరు సూదులు అంది, నేనూ 8 నంబరు సూదులే కొన్నాను. చెప్పినట్టే ఒంటి చుట్టూ 180 కుట్లు వేశాను. పన్నెండేళ్ళ పిల్లకి సరిపోయేంత వచ్చింది. విప్పి మళ్ళీ వదులుగా అల్లాను, మళ్ళీ అంతే, అదీ విప్పేశాను. ఇంకోపక్క బాల్కనీలో 10 అంగుళాల కుండీల్లో రెండు జుకిని (కీరదోసలా కనిపించే కూరగాయ) మొక్కలు పెట్టాను. పూలు బోలెడు పూస్తున్నాయి కానీ పిందెలు వేలెడంత అయ్యి, పసుపెక్కి రాలిపోతున్నాయి. ఆకుల మీద తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి. "స్వెట్టర్ ఎనిమిది వందలకి దొరుకుతుంది, జుకిని సూపర్‌మార్కెట్‌లో ఉంది, ఎందుకు నీకీ టెన్షన్" అంటున్నారు మా ఆయన. ఆఫీసు పని కూడా ఉంది కదా, ఒకటి వదిలేస్తే రెండోదైనా సరిగ్గా చేస్తానేమో. ఏది మానేయమంటారు?

సమాధానం:

చెల్లీ, అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఏదీ మానేయకు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండిట్లోనూ నీ చేతి తప్పు నాకు కనపడలేదు. ఒకచోట నంబరు మోసం చేసింది, ఇంకోచోట తేనెటీగ రాలేదు. రెండూ సరిచేసుకోగలిగినవే, అమ్మగారు వచ్చేలోపే.

ముందు స్వెట్టర్ సంగతి. నీ ఉత్తరంలో అసలు విషయం "ఆవిడ 8 నంబరు అంది, నేనూ 8 నంబరే కొన్నాను" అన్న వాక్యంలోనే ఉంది. మన కొట్లలో దొరికే సూదులకి ఎక్కువగా పాత బ్రిటిష్ నంబర్లే ఉంటాయి, వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దీనికి సరిగ్గా ఎదురు, నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. ఆవిడ 8 నంబరు సూది 5 మిల్లీమీటర్లు, నువ్వు కొన్న 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు. సూది మీదో ప్యాకెట్ మీదో మిల్లీమీటర్లు కూడా వేసి ఉంటాయి, ఇప్పుడే తీసి చూడు. 5 మిల్లీమీటర్ల సూదికి తగిన ఊలుతో అల్లితే 10 సెంటీమీటర్ల వెడల్పులో సుమారు 18 కుట్లు పడతాయి, అలా 180 కుట్లంటే చుట్టుకొలత 100 సెంటీమీటర్లు. 4 మిల్లీమీటర్ల సూదితో, మామూలుగా దానికి సరిపోయే ఊలుతో అయితే 10 సెంటీమీటర్లకి 22 కుట్లు పడతాయి, అప్పుడు అదే 180 కుట్లు 82 సెంటీమీటర్లే వస్తాయి. 18 సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయో తెలిసింది కదా. నువ్వెంత వదులుగా అల్లినా ఆ తేడా పూడదు, పైగా బలవంతంగా వదులు చేసిన చెయ్యి నాలుగు వరసలయ్యాక అలిసిపోయి మళ్ళీ తన పద్ధతికే వచ్చేస్తుంది.

ఇక్కడో మాట చెప్పాలి. 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు అన్న ఈ లెక్కని అమెరికా వాళ్ళు గేజ్ అంటారు, బ్రిటిష్ అల్లిక పుస్తకాల్లో మాత్రం దాని పేరు టెన్షన్. మీ ఆయన వద్దన్న టెన్షన్ వేరు, స్వెట్టర్‌కి కావలసిన టెన్షన్ వేరు. ఈ రెండోది ముందే చూసుకుంటే మొదటిది దానంతటదే తగ్గుతుంది, ఇది నేను చాలాకాలంగా చూస్తున్న విషయం.

అది చూసుకోవడానికి ఒక శాంపిల్ ముక్క అల్లాలి. అందరూ వదిలేసే పని ఇదే, దయచేసి నువ్వు వదిలేయకు. 30 కుట్లు వేసి, 40 వరసలు అల్లి, దించి, స్వెట్టర్‌ని రేపు ఎలా ఉతుకుతావో అలాగే ఉతికి, గుడ్డ మీద పరిచి ఆరనివ్వు. లాగి పిన్నులు పెట్టకు. పూర్తిగా ఆరాక అంచులు వదిలేసి మధ్యలో స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టు, అరకుట్టు ఉన్నా దాన్ని కూడా రాసుకో. ఒక్క కుట్టు తేడా చిన్నదనిపిస్తుంది కానీ 22 అనుకున్నది 21 అయితే 220 కుట్ల స్వెట్టర్ దాదాపు 5 సెంటీమీటర్లు పెద్దదవుతుంది. అలాగని ఇప్పుడు పరిగెత్తుకెళ్ళి 5 మిల్లీమీటర్ల సూదులు కొనకు. నీ దగ్గరున్న ఊలు చీటీ మీద సూది బొమ్మ, దాని పక్కన కొలత ఉంటుంది, అక్కడ 4 అని ఉంటే ఆ ఊలుని లావు సూదితో అల్లినప్పుడు వల లాగా జారిపోయే గుడ్డ వస్తుంది, అది చలికి ఆగదు. సూది అదే ఉంచి కుట్ల సంఖ్య మార్చడమే మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్న, నువ్వు అడగని ప్రశ్న. అమ్మగారు చీర కడతారు కదా? మరి తల మీంచి తొడుక్కునే స్వెట్టర్ ఎందుకు అల్లుతున్నావు? ముడి చెదురుతుంది, పమిట నలిగి ఒకపక్కకి పోతుంది, భుజం నొప్పి ఉన్నవాళ్ళకి చేతులు పైకెత్తి తొడుక్కోవడమే కష్టం. పొద్దున ఆరింటికి వేసుకుని, తొమ్మిదింటికి ఎండ వచ్చాక తీసేయాలి, మళ్ళీ సాయంత్రం వేసుకోవాలి, బెంగళూరు చలి అలాంటిది. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉండి మధ్యాహ్నానికి హాయిగా ఎండ కాసే ఊరికి ముందు తెరిచి ఉండే గుండీల స్వెట్టరే సరైనది. ఆ వీడియోని పక్కన పెట్టెయ్. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్ పద్ధతిలో ముందు తెరిచిన స్వెట్టర్ నేర్చుకో, మొదటిసారి అల్లేవాళ్ళకి నేనెప్పుడూ అదే చెప్తాను. మెడ కుట్లు వేసి, నాలుగుచోట్ల గుర్తులు పెట్టి, వరస విడిచి వరసలో ఒక్కో గుర్తుకి అటొకటి ఇటొకటి చొప్పున మొత్తం 8 కుట్లు పెంచుకుంటూ పోవడమే, భుజాలు వాటంతటవే తయారవుతాయి. చంక దాకా వచ్చాక చేతుల కుట్లని వేరే దారం మీదికి ఎక్కించి పక్కన పెట్టి, ఒళ్ళు కిందికి అల్లుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా అల్లి చివర్లో కుట్టే పని ఉండదు. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపవచ్చు, పొడవు చాలకపోతే కింద విప్పి ఇంకో నాలుగు వరసలు కలపవచ్చు.

కొలతకి అమ్మగారిని ఫోన్‌లో టేపు పెట్టించి ఇబ్బంది పెట్టక్కర్లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో ఆవిడ పాత జాకెట్టు ఒకటి ఉండే ఉంటుంది, హుక్కులు పెట్టి బల్ల మీద పరిచి ఒక చంక నుంచి ఇంకో చంకకి కొలిచి రెట్టింపు చెయ్యి. లేదంటే ఊళ్ళో టైలర్‌ని అడిగించు, అతని పుస్తకంలో ఉంటుంది. జాకెట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి దాని మీద, పమిట మడతల మీద వేసుకోవడానికి ఇంకో 10 సెంటీమీటర్లు కలుపు. జాకెట్టు 90 వచ్చిందనుకో, స్వెట్టర్ 100. నీ శాంపిల్‌లో 22 వస్తే 220 కుట్లు. ఇంతే లెక్క. చేతులు మణికట్టు దాకా వద్దు, మోచేతికి కాస్త కింద ఆపేయ్. ఆవిడ వంటింట్లోకి వెళ్ళకుండా కూర్చునే మనిషి కాదని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, పొడవు చేతులు పొద్దున్నే తడిసి చల్లగా ఒంటికి అంటుకుంటాయి.

టైము సరిపోతుందా అంటే సరిపోతుంది, కానీ సాగదీయడానికి లేదు. ఈ కొలతలకి సుమారు 44 వేల కుట్లు అవుతాయని వేసుకున్నాను. కొత్తగా నేర్చుకున్న చెయ్యి నిమిషానికి 15 కుట్లు అల్లగలదు, అంటే 49 గంటలు. రోజుకి ముప్పావుగంట అల్లితే 65 రోజులు. ఇది అక్టోబరు మొదటి వారం, శాంపిల్‌కి మూడు రోజులు తీసేసినా డిసెంబరు రెండో వారానికి పూర్తవుతుంది. ఆఫీసు బస్సులోనో క్యాబ్‌లోనో కూర్చునే టైము ఉందా? అవుటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో గడిపే అరగంటలు ఈ పనికి బాగా పనికొస్తాయి. పెంపు వరసలు ఇంట్లో అల్లుకుని, లెక్క అక్కర్లేని సాదా వరసలు దారిలో అల్లుకో.

విప్పిన ఊలు గురించి కూడా. రెండుసార్లు విప్పావంటే అది నూడుల్స్ లాగా మెలికలు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు ఒకలా రావు, కొలతా తప్పుతుంది. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వేరే దారంతో వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిండకుండా నీడలో వేలాడదీయి. సగానికి సగం మెలికలు పోతాయి. ఇంకా ఊలు కొనాల్సి వస్తే, ఈ మందం ఊలు పెద్దవాళ్ళ స్వెట్టర్‌కి సుమారు 500 గ్రాములు పడుతుంది కాబట్టి, కొనాల్సే రావచ్చు, చీటీ మీదున్న రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఒకేసారి రంగు అద్దిన ఊలుకి వేసే నంబరు) కూడా చూసి కొను. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో మా అబ్బాయికి అల్లుతుంటే చివరి రెండు ఉండలు తక్కువయ్యాయి, కొట్టతను "అదే రంగమ్మా" అని ఇచ్చాడు, ట్యూబ్‌లైట్ కింద నాకూ అదే అనిపించింది. చేతులు రెండూ అల్లేశాక పగటి వెలుగులో చూస్తే ఒళ్ళు ఒక నీలం, చేతులు ఇంకో నీలం. ఆ రోజు ఏడ్చాను. లాట్ కలవకపోతే రెండు వరసలు పాత ఊలుతో, రెండు వరసలు కొత్త ఊలుతో మార్చి మార్చి అల్లాలని తర్వాత తెలిసింది, అలా చేస్తే తేడా కలిసిపోతుంది. చిక్‌పేట్ వైపు వెళ్తే పగలు వెళ్ళు, ఉండని కొట్టు గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూసుకో.

ఇక జుకిని. పిందెలు వేలెడంత అయ్యి, చివర నుంచి పసుపెక్కి, పువ్వు ముడుచుకున్న రెండు మూడు రోజులకి రాలుతున్నాయంటే దానికి తెగులూ లేదు, దిష్టీ తగల్లేదు. ఆ పువ్వుకి పుప్పొడి అందలేదు. జుకిని మన గుమ్మడి జాతిదే, ఒకే మొక్క మీద మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. పొడవాటి సన్న కాడ మీద నిలబడేది మగపువ్వు. కాడకి బదులు పువ్వు కింద బుల్లి జుకిని ఉంటే అది ఆడపువ్వు. నువ్వు పిందె అనుకుంటున్నది పువ్వు విచ్చుకోకముందే ఉంటుంది, పుప్పొడి అందితేనే అది కాయవుతుంది. మొదట్లో వారం పది రోజులు చాలా మొక్కలు మగపూలే పూస్తాయి, అందుకని పూలు బోలెడు అంటే సంతోషించడానికి అప్పుడే లేదు. మీ ఊళ్ళో పెరటి గుమ్మడిపాదు మీద ఈ పని ఎవరూ చేయక్కర్లేదు, తేనెటీగలు చూసుకుంటాయి. నాలుగో అంతస్తు బాల్కనీకి, అదీ వల కట్టి ఉంటే, అవి రావడం కష్టం. మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఏడాది నీళ్ళ ట్యాంకు కింద పట్టిన తేనెపట్టుని పొగపెట్టి తీసేయించారు, ఆ సీజన్‌లో నా మొక్కలకి ఒక్క కాయ నిలబడలేదు. అప్పటి నుంచే చేత్తో చేయడం అలవాటు చేసుకున్నాను.

చేసే పద్ధతి చెప్తాను, చాలా తేలిక. ఈ పువ్వు ఒక్క పొద్దే విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకోదు. కాబట్టి పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల వెళ్ళు. ఆ రోజే విచ్చిన మగపువ్వుని కాడతో సహా తుంచు, రేకలు తీసెయ్, మధ్యలో పసుపు పొడి అంటుకున్న కాడ మిగులుతుంది. వేలితో తాకితే పొడి రావాలి. దాన్ని ఆడపువ్వు మధ్యలో ఉన్న జిగట బొడిపెల మీద చుట్టూ మెల్లగా రుద్దు, ఏ వైపూ వదలకు, ఎందుకంటే ఒకవైపే పుప్పొడి అందితే కాయ ఒకవైపే లావెక్కి గిడసబారుతుంది. ఒక మగపువ్వు ఒకటి రెండు ఆడపూలకి సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో పిందె ముదురు రంగు తిరిగి లావెక్కుతుంటే నిలబడినట్టే. నీ ఇబ్బందల్లా రెండే మొక్కలున్నాయి, ఒకే పొద్దున ఆడా మగా రెండూ విచ్చుకోని రోజులు ఎక్కువుంటాయి. అందుకే ఇంకో రెండు గింజలు ఇప్పుడే నాటమంటున్నాను.

వాటిని మాత్రం 10 అంగుళాల కుండీలో వద్దు. జుకిని పాకే తీగ కాదు, గుబురుగా రెండు మూడు అడుగులు పరుచుకునే మొక్క, ఆకులే పళ్ళేలంత ఉంటాయి. చిన్న కుండీలో వేళ్ళు చుట్టుకుపోయి పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోతాయి, మొక్క వాడుతుంది, సాయంత్రం మళ్ళీ పోస్తావు, ఈ ఎండటం తడవటంలో కాయ చివర నల్లగా మెత్తబడే జబ్బు కూడా వస్తుంది. 15, 16 అంగుళాల గ్రో బ్యాగు, ఒక్కో దాంట్లో ఒకే మొక్క. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమానంగా కలుపు, ఉత్త మట్టి నింపితే బరువు బాల్కనీకి మంచిది కాదు, తడిసిన బ్యాగు ముప్పై కిలోలు దాటుతుంది, కాబట్టి బాల్కనీ అంచున కాకుండా గోడ వైపు పెట్టు. గింజని రెండు సెంటీమీటర్ల లోతులో, పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి నాటు. వారం లోపే మొలుస్తుంది. ఇప్పుడున్న రెండింటినీ పెద్ద బ్యాగులోకి మార్చకు, ఈ జాతికి వేరు కదిపితే పడదు, పూత మీదున్నప్పుడు అసలే పడదు. అవి ఉన్నంతకాలం మగపూలు ఇస్తే చాలు.

అక్టోబరులో బెంగళూరులో వానలు పూర్తిగా పోవు, బ్యాగు అడుగున కన్నాలు మూసుకోకుండా చూసుకో. ఎండ ఆరు గంటలు కావాలి. మీ బాల్కనీ ఏ దిక్కో రాయలేదు. తూర్పు బాల్కనీ అయితే పదకొండు తర్వాత నీడ పడిపోతుంది, కాయలు తక్కువే వస్తాయి, అప్పుడు టెర్రస్ మీద నాలుగు బ్యాగులు పెట్టుకోనిస్తారేమో అసోసియేషన్‌ని అడుగు. దక్షిణం వైపైతే అదృష్టం, ఈ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు కాబట్టి ఎండ లోపలి దాకా వస్తుంది.

నీళ్ళ గురించి ఈ ఊళ్ళో ఆలోచించకుండా ఉండలేం. 2024 మార్చిలో నీటి కరువు ముదిరినప్పుడు తాగునీటిని మొక్కలకి, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ప్రకటించింది, అప్పుడు నేను కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళతోనే మొక్కలు బతికించుకున్నాను. ఇప్పటికీ అవే వాడతాను. ఆర్ఓ మిషను వదిలేసే నీళ్ళు మాత్రం రోజూ పోయకు, వాటిలో లవణాలు ఎక్కువ, కుండీ మట్టిలో పేరుకుని పైన తెల్లగా పొక్కులా కడతాయి. ఇల్లు తుడవడానికి వాడుకో. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దింపి చూసి, ఆరినట్టుంటే పొద్దున్నే మొదట్లో పొయ్యి, ఆకుల మీద పోయకు. పదిహేను రోజులకోసారి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు చాలు. ఆకులు ఏపుగా ఉండి ఆడపూలు రావట్లేదంటే ఎరువు ఎక్కువైందని అర్థం. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేయమని అందరూ చెప్తారు, వేస్తే నష్టం లేదు కానీ అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, నీ కాయ చివర కుళ్ళు ఈ వారం ఆగాలంటే నీళ్ళు ఒక క్రమంలో పోయడమే మందు.

ఆకుల మీద తెల్ల మచ్చలకి భయపడేముందు ఒక పని చెయ్యి, తడి వేలితో రుద్ది చూడు. చెరగకపోతే, ఈనెల పక్కన వెండి రంగులో అందంగా పరుచుకుని ఉంటే, అది ఆ రకం ఆకు తీరే, చాలా జుకిని రకాలకి పుట్టుకతోనే ఉంటుంది. పిండి చల్లినట్టు గుండ్రటి మచ్చలై వేలికి అంటుకుంటే బూడిద తెగులు. ముదిరిన కింది ఆకులు రెండు మూడు కోసి పారెయ్, గాలి ఆడనివ్వు, ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వారానికోసారి పొద్దున్నే ఆకు రెండు వైపులా కొట్టు. ఇది వంటింటి చిట్కాలాగా ఉంది కానీ, 1999లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా జుకిని మొక్కల మీదే ఆవుపాలు కొట్టి ఈ తెగులు తగ్గడం చూపించింది. ఆకులు, కాడల మీద సన్న నూగు ముళ్ళుంటాయి, చేతులు కడుక్కోకుండా ఊలు పట్టుకోకు, అవి ఊలులో చిక్కుకుంటే తర్వాత మెడ దగ్గర గుచ్చుతూనే ఉంటాయి.

ఈ వారం నాటితే 45 నుంచి 55 రోజుల్లో, అంటే నవంబరు చివరికో డిసెంబరు మొదటికో కోతకి వస్తాయి, అమ్మగారు దిగేసరికి కాపు మీద ఉంటాయి. జానెడు పొడవుకి, ఇంకా చెప్పాలంటే దానికి కాస్త ముందే కత్తితో కోసెయ్, ఎంత పెరుగుతుందో చూద్దామని వదిలితే గింజ ముదిరి కొత్త పిందెలు ఆగిపోతాయి. కోశాక చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడు. ఎప్పుడైనా కటిక చేదుగా ఉంటే వండకు, చేదు సొరకాయ ఎందుకు తినకూడదో ఇదీ అందుకే, ఆ చేదు వండినా పోదు, కడుపుని పాడుచేస్తుంది. మంచి కాయలైతే బీరకాయ ఎలా వండుతావో అలాగే, పెసరపప్పు వేసి కూర, లేదా నువ్వులు పచ్చిమిర్చితో పచ్చడి. నీళ్ళు బాగా వదులుతుంది, ఉప్పు చివర్లో వెయ్యి. మిగిలిన మగపూలని పారేయకు, లోపలి పుప్పొడి కాడ తీసేసి శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తే గుమ్మడిపూల బజ్జీలకి ఏమాత్రం తీసిపోవు.

మీ ఆయన మాటకి బాధపడకు. ఆయన లెక్క తప్పేం కాదు, ఎనిమిది వందలకి స్వెట్టర్ దొరుకుతుంది. కాకపోతే నువ్వు అమ్మ కోసం ఎందుకు అల్లుతున్నావో ఆయనకి చెప్పావా? నాకు రాసిన ఆ ఒక్క వాక్యం, ఇంకొకరి కోసం అల్లడమే తప్ప తన కోసం అల్లుకోలేదన్నది, ఆయనకీ చెప్పి చూడు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అంతకుముందు ఎన్నో తరాలుగా మీ గోదావరి జిల్లా ఆడవాళ్ళు అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకి పోయింది, అల్లిన చేతులకి మిగిలింది తక్కువ. ఆ సంగతి తెలిసిన మనిషి ఎవరూ ధర మాట ఎత్తరు. పొద్దున మొక్కల దగ్గర పని ఆయనకి అప్పగించు, మగపువ్వు కోసి ఆడపువ్వుకి అంటించడం అయిదు నిమిషాల పని, మొదటి పిందె నిలబడ్డాక ఆయనే లేచి వెళ్తారు.

చివరిగా ఒకటి. స్వెట్టర్ ముందు అంచుల పట్టీలు, గుండీ కన్నాలు నువ్వు అల్లకు. ఒళ్ళు, చేతులు, కింది బోర్డరు పూర్తిచేసి అక్కడ ఆగిపో. అల్లికలో కొత్తవాళ్ళకి అన్నిటికంటే కష్టమైంది ఆ పట్టీయే, వంకర వచ్చేది కూడా అదే. అమ్మగారు వచ్చాక ఆవిడ చేతికే ఇవ్వు. రెండు సాయంత్రాల్లో క్రోషాతో అంచు తిప్పి, గుండీలకి ఉచ్చులు వేసి, ఆవిడకి నచ్చిన లేసు పువ్వు ఒకటి మెడ దగ్గర పెట్టుకుంటారు, గుండీలు కూడా ఆవిడనే తీసుకెళ్ళి ఎంచుకోమను. ఆవిడ ఊరి నుంచి తెచ్చుకునే కొక్కెం లేసు దారానికి పనికొచ్చే సన్నది, ఊలుకి ఆగదు. అందుకని ఊలుకొట్టుకి వెళ్ళినప్పుడు 3.5 మిల్లీమీటర్ల క్రోషా కొక్కెం ఒకటి కొని దాచిపెట్టు, నంబరు చూసి కొనకు, మిల్లీమీటర్లు చూసి కొను.